ఖాన్ ఎక్కలేని కొండ

వచ్చినవాడి చేతిలో కత్తి లేదు. కబురు ఉంది.

1259 సంవత్సరం అప్పుడే మొదలవుతోంది. సిచువాన్ చలికాలం. జియాలింగ్ నది మీంచి లేచిన పొగమంచు కొండ నడుము దాకా కమ్మేసింది. రాతిమెట్లు చెమ్మకి జారుతున్నాయి. పైన బురుజు మీద మనుషులున్నారని మాటలు వినపడితేనే తెలుస్తోంది. మెట్లెక్కుతున్నవాడి పేరు జిన్ గువోబావ్. ఒకప్పుడు పైన ఉన్నవాళ్ల మనిషే, సోంగ్ రాజుల కొలువులో అధికారి. ఇప్పుడు మంగోలుల వైపు చేరిపోయాడు. లొంగిపోతే ప్రాణాలు దక్కుతాయని చెప్పి రమ్మన్నారు. చెప్పి రమ్మన్నవాడు మామూలు సేనాని కాదు.

కోట సేనాపతి వాంగ్ జియెన్ ఆ కబురు విన్నాడు. కుదరదన్నాడు. వచ్చినవాణ్ణి వెళ్లనిచ్చాడు.

జిన్ గువోబావ్ మెట్లు దిగాడు. కొండ దాటాడు. నది ఇరుకైన చోటికి, కనుమ ముఖద్వారం దాకా వచ్చేశాడు. ఇంకొంచెం దూరం పోతే మంగోలుల విడిది. బతికి బయటపడ్డాననే అనుకుని ఉంటాడు. అప్పుడు వెనక నుంచి మనుషులొచ్చారు. వాంగ్ జియెన్ మనసు మార్చుకున్నాడు. దూతని పట్టుకుని మళ్లీ అవే మెట్లు ఎక్కించారు. కోటలో సైనికులు సాము చేసే మైదానం ఉంది. అందరూ చూస్తుండగా అక్కడే చంపించాడు.

మంగోలుల దూతని చంపడమంటే ఏమిటో అప్పటికి ఆసియా అంతా ఎరుగును. నలభై ఏళ్ల కిందట ఖ్వారజమ్ రాజ్యంలో వాళ్ల మనుషుల్ని చంపారు. ఆ రాజ్యమే లేకుండా పోయింది. ఆ రోజు మైదానంలో నిలబడ్డ ప్రతి సైనికుడికీ ఒక సంగతి అర్థమైపోయింది. ఇక వెనక్కి దారి లేదు. ఉత్తరాన చూస్తే, ఆ దారి మీద దుమ్ము లేస్తోంది.

వస్తున్నవాడు మొంగ్కే. చెంగిజ్ ఖాన్ మనవడు. మహాఖాన్. కొరియా పక్క నుంచి కాస్పియన్ అవతలి దాకా అతని మాటే శాసనం. ఒక తమ్ముడు హులగు, అంతకు ముందు ఏడాదే బాగ్దాద్‌ని నేలమట్టం చేసి ఖలీఫాని చంపాడు. ఇంకో తమ్ముడు కుబ్లాయ్, యాంగ్‌ట్సీ ఒడ్డున ఉన్న ఎజో నగరం మీదికి కదలబోతున్నాడు. దక్షిణం నుంచి మరో సేనాని పైకి వస్తున్నాడు. సిచువాన్‌ని ఖాన్ తనకే ఉంచుకున్నాడు. వెంట ఉన్నది నలభై వేల సైన్యం, బయటికి చెప్పింది లక్ష. దారిలో కొండకోటలు ఒకదాని తర్వాత ఒకటి తలుపులు తీశాయి. ఈ ఒక్క కొండే తీయనంది.

ఈ ధైర్యం వాంగ్ జియెన్‌కి ఎక్కణ్ణుంచి వచ్చింది?

దానికి పదహారేళ్లు వెనక్కి పోవాలి. 1243. చోంగ్‌చింగ్‌లో ఒక అతిథిగృహం. సిచువాన్ సుబేదారుగా కొత్తగా వచ్చిన యూ జియే, దేశాన్ని కాపాడే ఉపాయం ఉన్నవాళ్లెవరైనా రావచ్చని చాటింపు వేయించాడు. చాలామంది వచ్చారు. వాళ్లలో ఇద్దరు అన్నదమ్ములున్నారు, రాన్ జిన్, రాన్ పూ. దక్షిణాన కొండల్లోంచి వచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు. పెట్టింది తింటున్నారు. చూపించిన గదిలో పడుకుంటున్నారు. నెలలు గడిచాయి. యూ జియే విందు చేసి కూర్చోబెట్టి అడిగినా మాట లేదు. కొలువులో గుసగుసలు మొదలయ్యాయి. చివరికి వాళ్ల మీద నిఘా పెట్టారు.

నిఘావాడు చూసింది విచిత్రంగా ఉంది. అన్నదమ్ములిద్దరూ రోజంతా ఎదురెదురుగా గొంతుక్కూర్చుంటున్నారు. తెల్లసుద్దతో నేల మీద గీస్తున్నారు. కొండలు, వాగులు, కోటగోడలు. ఒకడు గీస్తే ఇంకొకడు సరిచేస్తున్నాడు. లేచేటప్పుడు కాలితో చెరిపేస్తున్నారు.

ఇంకో పది రోజులకి వాళ్లే వచ్చి సుబేదారుని ఏకాంతంగా కలవాలన్నారు. చెప్పింది ఒకటే. హెజో పట్టణాన్ని ఉన్నచోటు నుంచి ఎత్తేయండి, కొండ మీద పెట్టండి. అక్కడ సరైన మనిషి ఉండి, సరిపడా ధాన్యం ఉంటే లక్ష సైన్యం కన్నా ఎక్కువ. యూ జియే లేచి వాళ్ల చేతులు పట్టుకున్నాడట. తన మనసులో ఉన్నదీ ఆ కొండేనన్నాడు. కింది అధికారులంతా గగ్గోలు పెట్టారు. పని చెడితే శిక్ష నాకొక్కడికే అని యూ జియే వాళ్ల నోళ్లు మూయించాడు. పదేళ్లకే రాజధానిలో చాడీలు చెప్పి ఆయన్ని వెనక్కి పిలిపించారు. పిలుపు అందాక ఉన్నట్టుండి చనిపోయాడు. విషం తాగాడని చాలామంది నమ్మారు. కానీ కొండ మాత్రం సిద్ధంగా ఉంది.

ఆ కొండ పేరు ద్యావ్‌యూ. నది మీద నుంచి సుమారు 180 మీటర్ల ఎత్తు. ఉత్తరాన, పడమట, దక్షిణాన మూడు వైపులా జియాలింగ్ నీళ్లే. ఫూ నది, చూ నది వచ్చి జియాలింగ్‌లో కలిసేది ఇక్కడే. చోంగ్‌చింగ్‌కి పడవలో పోవాలంటే ఈ కొండ కిందుగానే పోవాలి. వరదలొచ్చి జనం ఆకలికి అల్లాడుతుంటే ఒక దేవతాపురుషుడు కొండకొమ్మున బల్లపరుపు రాయి మీద కూర్చుని, గాలం వేసి చేపలు పట్టి పెట్టాడని స్థలపురాణం. ఆ బండ ఇప్పటికీ ఉంది. దాని మీద నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి.

కోట గొప్పతనమంతా గోడల్లో ఉందనుకుంటాం. ఇక్కడ గోడలు ఎనిమిది కిలోమీటర్లున్న మాట నిజమే, కొండచరియ అంచునే పట్టుకుని సాగుతాయి. వాటిలోంచి చీలి కిందికి, నది ఒడ్డు దాకా దిగిన గోడలూ ఉన్నాయి. ఆ గోడల చాటున పడవల రేవులు. కానీ అసలు బలం పైన ఉంది. కొండ నెత్తిన చెరువులున్నాయి. వాటిలో పెద్దదాన్ని ఆకాశచెరువు అన్నారు. బావులు తవ్వారు. పొలాలు దున్నారు. 1254 ప్రాంతంలో వాంగ్ జియెన్ ఐదు జిల్లాల జనాన్ని దింపి గోడలు పెంచాడు. రైతులు కుటుంబాలతో సహా పైకి వచ్చేశారు. వసంతంలో నాట్లు, శరత్కాలంలో కోతలు, పిలుపొస్తే గోడ మీద కాపలా. కింద శత్రువు ఎన్నాళ్లు కూర్చున్నా పైన పొయ్యి ఆరదు.

ఈ సంగతి ఖాన్‌కి ఇంకా తెలియదు.

ఫిబ్రవరిలో ఖాన్ నది దాటాడు. కోటకి తూర్పున రాళ్లగుట్ట మీద గుడారం వేయించాడు. తానే నిలబడి యుద్ధం నడిపించాడు. పడమటి ద్వారం మీదికి పంపాడు, కాలేదు. తూర్పు ద్వారం. కాలేదు. ఇంకో ద్వారం, ఇంకో ద్వారం. స్టెప్పీ మైదానాల్లో గుర్రం మీద పుట్టి పెరిగినవాళ్లు ఇక్కడ గుర్రాన్ని చెట్టుకి కట్టేసి, నిచ్చెన భుజానికెత్తుకుని, కాలుజారే రాళ్ల మీద పైకి పాకుతుంటే, నెత్తిన బండలు, దుంగలు, బాణాలు, నిప్పు చిమ్మే ఇనుపగుండ్లు వానలా కురిసి, పట్టుకున్న నిచ్చెనతో సహా కిందికి, నది దాకా దొర్లుకుంటూ పోయారు. వసంతం వచ్చింది. పూలు పూశాయి. అప్పుడు ఆకాశం ఉరిమింది.

ఇరవై రోజులు ఆగకుండా వాన. ఉరుములు, మెరుపులు, బురద. వింటినారులు నానిపోయాయి. గుడారాల్లో తోలు బూజు పట్టింది. వాన వెలిసిందో లేదో దక్షిణాన హూగువో ద్వారం మీద పడ్డారు. ఆ ద్వారానికి ఒక పక్క నిట్టనిలువు కొండచరియ, ఇంకో పక్క నది. రెండు రోజుల తర్వాత రాత్రి చీకట్లో బయటిగోడ ఎక్కేశారు. కోటలోపల కత్తులు కలిశాయి. చాలామంది కాపలావాళ్లు చచ్చిపోయారు. తెల్లవారేసరికి మంగోలులు మళ్లీ గోడకి బయట ఉన్నారు.

మరో పక్క నది మీద ఆశ మెరిసింది. సోంగ్ సేనాని ల్యూ వెందె పడవల దండుతో కోటకి సాయం బయల్దేరాడు. జియాలింగ్‌లో ఎదురీదుకుంటూ వచ్చాడు. ఖాన్ సేనాని షీ త్యెన్‌జె రెండు ఒడ్లనీ పట్టుకుని కాచుకున్నాడు. బాణాలు రెండు పక్కల నుంచీ కురిశాయి. పడవలు వెనుదిరిగాయి. చోంగ్‌చింగ్ దాకా తరిమారు. కొండ ఇప్పుడు ఒంటరిదైపోయింది.

ఎండాకాలం వచ్చింది. ఆ ప్రాంతపు ఎండ ఎలాంటిదో కోస్తా జిల్లాలవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గాలి కదలదు. ఆకు కదలదు. నది మీంచి ఆవిరి లేస్తుంది. చల్లటి గడ్డిమైదానాల్లో పెరిగిన సైన్యానికి ఒళ్లంతా పొక్కులు. తర్వాత వాంతులు, విరేచనాలు. సాయంత్రం నవ్వుతూ పడుకున్నవాడు తెల్లారేసరికి లేవడం లేదు. వైద్యం లేదు. వెనక్కి పోదామని పెద్దలు కొందరు చెప్పారు. ఈ కొండని వదిలేసి చోంగ్‌చింగ్ మీదికి పోదామన్నారు. ఖాన్ వినలేదు.

ఒక రాత్రి దెచెన్ ముందుకొచ్చాడు. ఖాన్ ముందుదళానికి పెద్ద. ఎంచుకున్న మనుషుల్ని వెంటబెట్టుకుని చీకట్లో నిచ్చెనలు వేశాడు. గోడ ఎక్కాడు. బయటి శిబిరం ఒకటి చేతికి చిక్కింది. వాంగ్ జియెన్ మనుషులు ఎదురుతిరిగారు. తెల్లవార్లూ పోరాటం. తెల్లారింది. దెచెన్ ఒక్కడే గుర్రమెక్కి గోడ కిందికి వచ్చాడు. తల పైకెత్తాడు. వాంగ్ జియెన్‌ని పేరు పెట్టి పిలిచాడు. మీ ఊళ్లో జనాన్ని బతికించడానికే వచ్చాను, త్వరగా లొంగిపో అని అరిచాడు.

మాట ఇంకా పూర్తి కాలేదు. పైనుంచి రాయి వచ్చింది.

రాళ్లు రువ్వే యంత్రంలోంచి వచ్చిన రాయి. దెచెన్‌ని వెనక్కి మోసుకుపోయారు. అదే సమయానికి మళ్లీ వాన. నిచ్చెనలు విరిగాయి. వెనక రావలసిన దండు రాలేకపోయింది. పైన చిక్కుకున్నవాళ్లు దిగి వచ్చేశారు. దెచెన్ మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత గోడ మీంచి కిందికి పడ్డవి రాళ్లు కావు. చేపలు.

అక్కడి గ్రంథాల్లో ఉన్న ముచ్చట ఇది. రెండు పెద్ద చేపలు, ఒక్కొక్కటి పదిహేను కిలోల పైనే. బతికున్నవి, పొలుసులు ఎండకి తళతళమంటున్నాయి. వాటితో పాటు వంద పైచిలుకు పిండిరొట్టెలు. ఒక చీటీ. చేప వండుకోండి, రొట్టెతో తినండి, ఇంకో పదేళ్లు కూర్చున్నా ఈ కోట మీది కాదు అని దాని సారాంశం. ఐదు నెలలుగా దిగ్బంధంలో ఉన్న కొండ, కింద ఆకలితో, రోగంతో ఉన్న సైన్యానికి కూడు పంపింది. కొండ మీద చెరువులున్నాయని అంతకన్నా గట్టిగా చెప్పే మార్గం లేదు.

ఖాన్‌కి లోపల ఏముందో తన కళ్లతో చూడాలనిపించింది. ద్వారానికి ఎదురుగా ఎత్తుగా మంచె కట్టించాడని, దాని మీదికి ఎక్కిన మనిషి లోపలికి తొంగిచూసే వేళకి కోటలోంచి రాళ్లు లేచాయని, అందులో ఒకటి ఖాన్‌కి తగిలిందని హెజో జనం తరతరాలుగా చెప్పుకుంటారు. పర్షియా చరిత్రకారుడు రషీదుద్దీన్ మరోలా రాశాడు. రక్తవిరేచనాలు పట్టుకున్నాయట. మందు ద్రాక్షసారాయేనని నమ్మి తాగుతూనే ఉన్నాడట. చైనా రాజవంశ చరిత్ర కారణం చెప్పకుండా, కొండ దగ్గర కాలం చేశాడని రాసి ఊరుకుంది. రాయి అన్నా, రోగం అన్నా, ఆ రోజు 1259 ఆగస్టు 11.

మహాఖాన్ చనిపోయాడు. చనిపోతూ, ఈ కోట దొరికిన నాడు ఒక్కర్నీ వదలొద్దని చెప్పాడట.

శవయాత్ర ఉత్తరానికి కదిలింది. ఆ యాత్రకి ఎదురుపడినవాళ్లని ఇరవై వేల మందికి పైగా చంపారని మార్కో పోలో రాశాడు. మన మోటుపల్లి రేవుని, అక్కడ ఏలుతున్న రాణిని గురించి రాసింది కూడా ఆయనే. రుద్రమ గద్దెనెక్కడానికి అప్పటికింకా మూడేళ్లుంది, ఓరుగల్లులో గణపతిదేవుడు ముసలివాడవుతున్నాడు.

కబురు గుర్రాల మీద పరిగెత్తింది. ఎజోని చుట్టుముట్టిన కుబ్లాయ్, సింహాసనం మరో తమ్ముడికి పోతుందేమోనని సంధి మాట్లాడుకుని వెనుదిరిగాడు. అన్నదమ్ముల మధ్య నాలుగేళ్లు యుద్ధం. సిరియాలో ఉన్న హులగు పెద్ద సైన్యాన్ని వెనక్కి తీసుకున్నాడు. వదిలేసిన కొద్ది దండుని 1260 సెప్టెంబరులో ఐన్ జాలూత్ దగ్గర ఈజిప్టు మమ్లూకులు చిత్తు చేశారు. కైరో బతికిపోయింది. అదంతా ఈ కొండ పుణ్యమే అనడం కాస్త ఎక్కువవుతుందేమో కానీ, ఈ కొండని తీసేసి ఆ కథ చెప్పడం ఎవరి తరమూ కాదు.

గెలిచినవాళ్లకి ఏం దక్కింది? వాంగ్ జియెన్‌ని రాజధానికి పిలిచి మూల కూర్చోబెట్టారు. 1264లో పోయాడు. ఆయన కింద పనిచేసిన జాంగ్ జ్యూయె కొండని ఏళ్ల తరబడి కాపాడాడు. తర్వాత చోంగ్‌చింగ్ కాపలాకి వెళ్లాడు. ఆ ఊరు పడిపోయినప్పుడు పట్టుబడ్డాడు. బందీగా తీసుకుపోతుంటే దారిలో వింటినారితో ఉరేసుకున్నాడు. కొండ మీద మిగిలిన సేనాపతి వాంగ్ లీ. అతని ముందున్న పరీక్ష వాంగ్ జియెన్ కూడా ఎదుర్కోలేదు.

1278. రెండేళ్లుగా వానల్లేవు. చెరువులు అడుగంటాయి. పిల్లల్ని ఇచ్చి పుచ్చుకుని తిన్నారని రాశారు. అంతకన్నా వివరంగా చెప్పడానికి నోరు రాదు. చుట్టూ చోంగ్‌చింగ్‌తో సహా అన్నీ పడిపోయాయి. సోంగ్ రాజధాని రెండేళ్ల కిందటే పోయింది. మిగిలిన బాలరాజు దక్షిణ సముద్రం మీద పడవల్లో ఉన్నాడు. తలుపులు తీద్దామంటే మొంగ్కే చివరి మాట. తీయకపోతే ఆకలి.

వాంగ్ లీ ఇంట్లో ఒక స్త్రీ ఉంది. మంగోలుల అధికారి భార్య. యుద్ధంలో చిక్కితే చెల్లెలిగా చూసుకుంటున్నాడు. అతని ముఖం చూసి ఆమె అప్పుడు నిజం చెప్పింది. చెంగ్డూలో ఉన్న కుబ్లాయ్ అధికారి లీ దెహూయి ఆమెకి అన్న వరస. ఒక జత జోళ్లు కుట్టిందట. చిన్నప్పటి నుంచీ అన్నకి తనే కుట్టేది. ఆ కుట్టు అతను గుర్తుపడతాడు. చీటీ, జోళ్లు రహస్యంగా కొండ దిగాయి.

కొండని చుట్టుముట్టిన సేనానులు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ల పగ వాళ్లది. లీ దెహూయి వాళ్ల మాట వినలేదు. కొన్ని వందల మందితో వచ్చాడు. ఒక్క పడవలో నది దాటాడు. ద్వారం కింద నిలబడి పిలిచాడు.

1279 జనవరి. ముప్ఫై ఆరేళ్లుగా బలవంతానికి తెరుచుకోని తలుపులు లోపలి నుంచి తెరుచుకున్నాయి. లొంగిపోవడం ఇష్టంలేని పలువురు దళపతులు కత్తితో ప్రాణాలు తీసుకున్నారని చెబుతారు. గోడల్ని పడగొట్టించారు. జనం జోలికి పోలేదు. తర్వాత పగబట్టిన సేనానులు వాంగ్ లీని జైల్లో పెట్టించి మరణశిక్ష ఖాయం చేయించారు. సంగతి కుబ్లాయ్ చెవిన పడింది. మనిషి ప్రాణమంటే మీకు ఆటగా ఉందా అని మండిపడ్డాడట. వాంగ్ లీ బతికాడు. మార్చిలో దక్షిణ సముద్రం మీద, యాషాన్ దగ్గర, సోంగ్ వంశం మునిగిపోయింది.

చోంగ్‌చింగ్ నుంచి హెచువాన్‌కి, అంటే అప్పటి హెజోకి, అరవై కిలోమీటర్లు, రైలు ఉంది. అక్కణ్ణుంచి కొండ అయిదు కిలోమీటర్లు. హూగువో ద్వారం దగ్గర మొదలుపెట్టి నడవండి. కొండచరియ కింద వేలాడుతున్నట్టు చెక్కిన పదకొండు మీటర్ల శయనబుద్ధుణ్ణి చూడండి, యుద్ధానికి ముందు నుంచీ ఉన్నాడు. పాత అధికార భవనాల పునాదులు ఈమధ్య తవ్వి తీశారు, అవీ చూడండి. అమరుల గుడిలో యూ జియే, రాన్ సోదరులు, వాంగ్ జియెన్, జాంగ్ జ్యూయె పూజలందుకుంటారు. 18వ శతాబ్దంలో ఒక అధికారి వాంగ్ లీకీ, ఆ చెల్లెలికీ, లీ దెహూయికీ కూడా అక్కడ పీఠం వేయించాడు. 19వ శతాబ్దంలో ఇంకో అధికారి వాళ్లని బయటికి పంపాడు. 1942లో కవి గువో మొరువో వచ్చి వాళ్లని దుమ్మెత్తిపోస్తూ పద్యం రాసి వెళ్లాడు.

గువో మొరువో తీర్పు ఒప్పుకోనక్కర్లేదు. వాంగ్ జియెన్‌కి దండం పెట్టినవాళ్లు వాంగ్ లీకీ పెట్టాలి. చనిపోతూ ఖాన్ అడిగిన ఊచకోత ఆ కొండ మీద జరగలేదు.